ఎండ నలభై నిమిషాలు లేటు

ఇంటి ఎదుట పదంతస్తుల భవనం లేనివాడు టమాటా నారు పోయడానికి పనికిరాడు. ఈ మాట తొందరపడి అనడం లేదు. రెండు నెలల పాటు నారు ట్రేను చంటిపిల్లలా చంకనేసుకుని మెట్లెక్కి దిగిన అనుభవంతో అంటున్నాను.

మీలో కొందరికి అప్పుడే చిర్రెత్తుకొచ్చి ఉంటుంది. ఎదుట భవనం లేచి ఇల్లు గుహ అయిపోయినవాళ్ళు పాఠకుల్లో తక్కువేం లేరని నాకు తెలుసు. గుహ అయితే ఏం? పూర్వం జ్ఞానం కావాలంటే గుహ వెతుక్కుంటూ పోవలసి వచ్చేది. ఇప్పుడు గుహే మీ ఇంటికి నడిచొచ్చింది. ఆ మాత్రం కృతజ్ఞత ఉండొద్దూ!

మాది మూడంతస్తుల పాత ఇల్లు. అంతస్తుకో కుటుంబం. గేటు పక్కన రెండు మంచాలు వేసుకునేంత మట్టినేల ఉంది. ఎండలు ఇంకా మండుతుండగానే నారు పోసి, ఎండలు తగ్గుముఖం పట్టగానే ఆ మట్టిలో నాటితే, చలి ముదిరేలోగా టమాటాలు కోసుకోవచ్చని మా ఆవిడ ఎక్కడో చూసింది. నాటడం తన వంతు, నారు పెంచడం నా వంతు. నేను ఇంట్లో కూర్చుని వ్యాసాలు రాస్తాను కదా, దాన్ని ఆవిడ ‘ఊరికే ఉండడం’ అంటుంది.

ముప్పై రెండు గళ్ళ ట్రే కొన్నాను. గడికో విత్తనం వేశాను. ఆరోరోజుకు మొలకలు తలెత్తాయి. ఆ పూటే మా ఆవిడ ఫోన్లో మొదటి హెచ్చరిక చదివి వినిపించింది. ఈ కాలంలో లేత నారుకు ఎండదెబ్బ తగులుతుందట, పైన షేడ్ నెట్ కట్టాలట.

లోకంలో మిగతావాళ్ళందరూ షేడ్ నెట్ కోసం దుకాణాల చుట్టూ తిరుగుతారు. కర్రలు పాతుతారు, తాళ్ళు కడతారు, గాలికి అది లేచిపోతే పక్కవాళ్ళ డాబా మీంచి బతిమాలి తెచ్చుకుంటారు. మాకా? సిమెంటుతో ఇనుముతో చేసిన షేడ్ నెట్, పదంతస్తుల ఎత్తున, ఏ గాలికీ చిరగనిది, మేం నోరు తెరిచి అడక్కుండానే ఎవరో కట్టి పెట్టారు! ఈ రోజుల్లో సొంత తమ్ముడైనా ఇంత పని చేస్తాడా?

ఇందులో మా సహకారం కూడా కొంత ఉంది, దాచడం దేనికి? భవనం మొదలుపెట్టక ముందు ఒకాయన నాలుగు పేజీల కాగితం పట్టుకొచ్చాడు. మాకేమీ అభ్యంతరం లేదని సంతకాలు పెట్టమన్నాడు. అందులో దుమ్ము గురించి ఉంది, చప్పుడు గురించి ఉంది, లారీలు ఏ వేళకు వస్తాయో కూడా ఉంది. రెండో అంతస్తులో ఉండే రిటైర్డ్ స్టేషన్ మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని నాలుగు పేజీలూ చూశారు. ఎర్ర కలంతో తొమ్మిది అక్షరదోషాలు దిద్దారు.

“ఇప్పుడు బాగుంది,” అని సంతకం పెట్టారు.

అంతటివారు పెట్టాక మేమెంత? వరసబెట్టి అందరం పెట్టేశాం. ఎండ గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఉంటే మాత్రం ఏమనేవాళ్ళం? పొద్దున పోయినా మధ్యాహ్నానికి వస్తుంది, ఎక్కడికి పోతుందిలే అనుకునే రకం మేం.

సరే, నారు సంగతికొద్దాం. పన్నెండో రోజుకు మా మొలకలు జానెడు లేచాయి. కాడలు కుట్టుదారంలా ఉన్నాయి, కొసన రెండేసి ఆకులు. ఎండ చాలక నారు అలా సాగిపోతుందని తెలిసినవాళ్ళు అంటారు. తెలిసినవాళ్ళకు అసూయ ఎక్కువ. జానెడు ఎత్తున్న పిల్లను చూసి ‘బాగా ఎదిగింది’ అనరా ఎవరైనా? ఎదుట పదంతస్తులు చూస్తూ పెరిగిన నారు, దానికి మాత్రం ఆశలుండవా?

“ఆశలు కాదండీ, ఎండ కావాలి వాటికి,” అంది మా ఆవిడ. “ఈ ఇంట్లో ఎక్కడో ఒక చోట ఉండకపోదు. వెతకండి.”

వెతికాను. పోయిన తాళంచెవిని వెతికినట్టు గది గదీ వెతికాను. ఇక్కడే మొదటి ఉపకారం గమనించండి. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నాను, ఎండ ఏ గదిలోకి ఎప్పుడు వస్తుందో ఎన్నడైనా చూశానా? ఉన్నన్నాళ్ళూ దానికి కర్టెన్లు అడ్డం వేశాం. సోఫా రంగు వెలిసిపోతుందని తిట్టాం. ఇప్పుడు అది చిటికెడు కనబడితే చాలు, ‘వచ్చింది, వచ్చింది!’ అని కేకలు పెడుతూ మా ఆవిడను పిలుస్తున్నాను.

మొత్తానికి మూడు చోట్ల దొరికింది. పొద్దున్నే మా మూడో అంతస్తు వంటింటి కిటికీలో, ఉప్పు డబ్బా పక్కన. పదకొండు దాటాక మాస్టారి బాల్కనీ మూలలో. మూడింటికి కింది వాటా కిటికీలో. కొత్త భవనానికీ దాని పక్కనున్న నీళ్ళ ట్యాంకుకూ మధ్య సన్నని సందు మిగిలింది, అందులోంచి దూరి వచ్చేది ఆ మూడింటి ఎండ. మూడూ కలిపితే రెండు గంటల పాతిక నిమిషాలు.

మాస్టారు సంబరపడిపోయారు. రిటైరైన దగ్గరనుంచి ఆయనకు వేళకు వచ్చేదంటూ ఏదీ లేదు. పాత రిజిస్టరు ఒకటి తీసి, గీతలు గీసి, టైంటేబుల్ తయారుచేశారు. ‘వంటిల్లు: రాక 7.40, పోక 8.25. బాల్కనీ: రాక 11.10, పోక 11.50. కింది వాటా: రాక 3.00, పోక 4.00.’ దాన్ని మెట్ల దగ్గర గోడకు అంటించారు. ఆ క్షణం నుంచి నేను రచయితను కాను. ట్రే మోసే బండిని.

“ఏమోయ్, రెండు నిమిషాలు ఆలస్యం,” అనేవారు, నేను ట్రే పట్టుకుని దిగుతుంటే వాచీ చూసుకుంటూ.

“చెప్పు తెగింది మాస్టారూ.”

“కారణాలు రిజిస్టరులో రాయడానికి చోటు లేదు.”

కింది వాటాలో ఉండేది కుట్టు అక్కయ్య. చేసే పని వకీళ్ళ నల్లకోట్లకు కాజాలు కుట్టడం, అంటే గుండీ దూరే కంతల చుట్టూ దారంతో చేత్తో అల్లడం. చుట్టుపక్కల దర్జీలందరూ కోటు తామే కుట్టుకుని, కాజాలకు మాత్రం అక్కయ్య దగ్గరికి పంపుతారు. అది మిషన్‌కు లొంగే పని కాదు. మొదటిరోజు ట్రే పట్టుకెళ్ళి కిటికీ అడిగితే ఆవిడ నవ్వింది.

“పెట్టుకో తమ్ముడూ, దానిదేముంది. కిటికీ నాదిగానీ ఎండ నాదా ఏంటి?”

కిటికీ ముందున్న తన స్టూలును గోడవారకు జరుపుకుంది. ట్యూబ్‌లైటు వేసుకుని మళ్ళీ సూది అందుకుంది. నేను ట్రే సర్దుకుని, ఎండ ముప్పై రెండు మొక్కలకూ సమంగా పడుతోందా లేదా అని చూసుకున్నాను. నాకు కనబడింది అంతే.

ఇక చూడండి ఆ భవనం చేసిన మేలు! అంతకుముందు మాస్టారి ఇంటికి నేను ఏడాదికోసారి వెళ్ళేవాణ్ణి, అదీ మంచినీళ్ళ మోటారు చెడిపోయినప్పుడు. ఇప్పుడు రోజూ నలభై నిమిషాలు ఆయన బాల్కనీలో కూర్చుని, ఆయన ఆపిన రైళ్ళ కథలన్నీ వింటున్నాను. అక్కయ్యతో గంట కబుర్లు. మెట్లు ఎక్కి దిగి నా పొట్ట తగ్గింది. ట్రే రోజూ పల్లకీలో ఊరేగుతోంది. ఎండ ధారాళంగా ఉన్న రోజుల్లో మేం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నామా? అది పోయాకే కదా అందరం ఒకటయ్యాం! కాబట్టి కాలనీల్లో ఐకమత్యం కోరేవారు వెంటనే ఎదుటి ఖాళీస్థలంలో భవనం కట్టించాలని నా సలహా.

మూడో వారం నుంచి రిజిస్టరులో ఎర్ర సిరా మొదలైంది.

‘కింది వాటా: ఎండ ఆరు నిమిషాలు లేటు.’ మర్నాడు ఏడు. తర్వాతి వారానికి పదిహేను. పొద్దున వంటింటి ఎండ అయితే వేళకంటే ముందే బయలుదేరి వెళ్ళిపోతోంది. ‘ప్రయాణికులు మిగిలిపోయారు,’ అని రాశారు మాస్టారు.

“టైంటేబుల్ మార్చుదామా?” అన్నాను.

ఆయనకు కోపం వచ్చింది. “బండి లేటైతే టైంటేబుల్ మారుస్తారటయ్యా? ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో అలాంటి పని చేయలేదు. లేటు అని రాస్తాం. రావలసింది వస్తుంది.”

ఇది మా అందరి తెలివి. ఎండలు తగ్గుతాయని లెక్క వేసుకునే నారు పోశాం. ఎండలు తగ్గడమంటే పొద్దు వాలుగా నడవడమని, వాలితే ఎదుటి భవనం నీడ ఇంకా సాగుతుందని, మా నారు ఎదిగేకొద్దీ దాని ఎండ తరుగుతుందని ఒక్కరికీ తట్టలేదు. రోజుకో నిమిషం చొప్పున పోతున్నదాన్ని శ్రద్ధగా రాసుకుంటూ కూర్చున్నాం. రాస్తున్నాం కాబట్టి ఏదో చేస్తున్నామనే అనుకున్నాం.

ఒకరోజు పావు తక్కువ నాలుగింటికి నేను ట్రేతో కింది వాటాలో ఉండగా ఒక వకీలు గారు వచ్చారు. చేతిలో కోటు ఉంది, ముఖంలో చిటపట ఉంది.

“ఏమ్మా, ఇదేం పని? నల్లకోటుకి నీలం దారంతో కాజాలా? మొన్న కోర్టు మెట్ల మీద ఎండలో నిలబడితే పక్కవాళ్ళు చూపించి నవ్వారు.”

అక్కయ్య కోటు అందుకుంది. గోడవార ట్యూబ్‌లైటు కింద పెట్టి చూసింది, ఆ వెలుతురులో దారం నల్లగానే ఉంది. అప్పుడు కిటికీ దగ్గరికి తెచ్చి, నా ట్రే పక్కన పడుతున్న ఎండలో పెట్టి చూసింది. నీలమే. నాలుగు కాజాలూ నీలమే.

“ఇన్నేళ్ళలో ఎప్పుడూ జరగలేదండీ. విప్పి మళ్ళీ కుట్టి ఇస్తాను, రేపు పట్టుకెళ్ళండి,” అంది.

“మళ్ళీ ఇలా అయితే మా దర్జీ ఇంకెక్కడికో పంపుతానంటున్నాడు, చెప్పడం నా బాధ్యత.”

వకీలు గారు చేతికి చిక్కారు కదా అని, మాట మార్చడానికీ పనికొస్తుందని, మా ఎండ సంగతి అడిగాను. దానిమీద మాకేమైనా హక్కు ఉంటుందా అన్నాను.

“ఏదైనా సంతకం పెట్టారా?”

“పెట్టాం.”

“చదివి పెట్టారా, చదవకుండానా?”

“చదవడమేంటండీ, మా మాస్టారు తప్పులు దిద్ది మరీ పెట్టారు.”

“అయితే ఇంక చెప్పడానికేముంది?” అన్నారాయన. “అమ్మా, ఎలాగూ విప్పుతున్నావుగా, పై గుండీ కొంచెం వదులు చెయ్యి.”

ఆయన వెళ్ళిపోయారు. ఆ వాటాలో మిగిలిన ఒక్క గంట ఎండ అక్కయ్య కళ్ళజోడు అని నాకు అంతవరకు తట్టలేదు. నల్లదారానికీ నీలం దారానికీ తేడా తెలిసే ఆ ఒక్క గంటనీ నేను పట్టుకెళ్ళి టమాటాలకు పెట్టాను. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఆ పిల్లిని నేనేనని తెలిసి సిగ్గేసింది. ట్రే ఎత్తబోయాను.

“ఉండనీ తమ్ముడూ,” అంది అక్కయ్య, కాజా విప్పుతూ. “నాలుగింటిదాకా వాటి టైమే కదా.”

మర్నాడు మాస్టారు జీవితంలో మొదటిసారి టైంటేబుల్ మార్చారు. కింది వాటాలో ట్రే ఆగదు, ఆ గంట అక్కయ్యది. ఎర్రసిరాతో రాసి, కింద సంతకం పెట్టి, తేదీ వేశారు. అక్కయ్య స్టూలు మళ్ళీ కిటికీ ముందుకు వచ్చింది.

ఎండ ఆ రోజు నలభై నిమిషాలు లేటు.

మిగిలినవి ఇరవై. ఇరవై నిమిషాల్లో ఒక కాజా పూర్తవుతుంది, రెండోది సగానికి వస్తుంది. తర్వాత వారం ఒకటే. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. మధ్యాహ్నం మూడింటికి ఆ మాట గుర్తుచేసుకోవలసి వస్తుందని వాళ్ళు మాత్రం ఊహించారా? మూడు కావస్తుండగానే అక్కయ్య సూదిలో దారం ఎక్కించుకుని, కోటు ఒళ్ళో పరుచుకుని, ఆ సందుకేసి చూస్తూ కూర్చునేది. మాస్టారు మెట్ల మీద వాచీతో నిలబడేవారు.

ఆ తర్వాత ఇంకో పది రోజులకు ఒకనాడు మూడైంది, మూడున్నరైంది, నాలుగైంది. మాస్టారు రిజిస్టరు తెరిచారు. ఒకే మాట రాశారు. ‘రద్దు.’

అప్పటికి నా నారు జానెడున్నర ఎత్తు సాగి, ఒకదాని మీద ఒకటి ఒరిగి, నాటే రోజు కోసం ఎదురుచూస్తోంది. గేటు పక్క మట్టినేల మీద పొద్దుటి నుంచీ నీడే. మా ఆవిడ ఆ మట్టి వేళ్ళతో ముట్టుకుని చూసి, చెయ్యి కడుక్కుంది.

“ఎండ ఎక్కడుంటే అక్కడికే పట్టుకెళ్ళండి,” అంది.

ఎక్కడుంటుంది? ఎదురుగానే ఉంది. నేనూ మాస్టారూ ట్రే పట్టుకుని రోడ్డు దాటాం. కొత్త భవనం కింద ఆఫీసులో టై కట్టుకున్న సేల్స్ అబ్బాయి మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. ఇళ్ళు కొనడానికి వచ్చామనుకున్నాడు. మేం కాదనలేదు. లిఫ్టులో ఏడో అంతస్తుకు తీసుకెళ్ళి, మా ఇంటికి అవతలివైపున్న శాంపిల్ ఫ్లాటు తలుపు తీశాడు.

“ముందు ఎండ చూపిస్తాను సార్. మా దగ్గర అదే స్పెషల్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా, ఎదుట అడ్డమే లేదు. అన్నీ చిన్న చిన్న పాత ఇళ్ళే.”

కర్టెన్ లాగాడు. నేను చూడగానే గుర్తుపట్టాను. మా వంటింట్లో ఉప్పు డబ్బా మీద పడేది అదే. మాస్టారి బాల్కనీ మూలదీ అందులోనే ఉంది. బాగా ఒళ్ళు చేసింది. నేలంతా పరుచుకుని, ఎవరికీ పని లేని ఆ ఖాళీ గదిలో హాయిగా కాళ్ళు చాపుకుంది.

మాస్టారు వాచీ చూసుకున్నారు. “మూడూ పది,” అన్నారు. “అయితే దీన్ని ఇక్కడ ఆపేశారన్నమాట.”

మొక్కలను ఆ బాల్కనీలో ఉంచుకుంటారా అని అడిగాను. సేల్స్ అబ్బాయి ఎగిరి గంతేశాడు. పచ్చదనం ఉంటే చూడటానికొచ్చేవాళ్ళకు బాగుంటుందట. పెద్ద పెద్ద కుండీలు తెప్పించాడు, మా ఆవిడే వెళ్ళి నాటి వచ్చింది. కాడలు సాగిపోయి ఉన్నాయి కదా, మెడ దాకా మట్టిలో దించి పాతింది. టమాటాకు అలా పాతితే కాడకు కూడా వేళ్ళు వస్తాయట. వచ్చాయి. నెల తిరిగేసరికి పూత, ఆ తర్వాత కాయ. గుత్తులు గుత్తులు!

కనుక పాఠకులారా, నా సిద్ధాంతం రుజువైంది. ఆ భవనం లేకపోతే మా టమాటాలు ఏడో అంతస్తు చూసేవా? వాటి ఫొటో తీసి రంగుల కాగితం అచ్చేశారు. పైన ‘మీ బాల్కనీలో మీ సొంత టమాటా తోట’ అని, కింద ‘రోజంతా ధారాళంగా ఎండ’ అని రాశారు. చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకోవడం పాత పద్ధతి. వీళ్ళు కాయ పేరు చెప్పి ఎండ అమ్ముకుంటున్నారు. నాకేమీ అభ్యంతరం లేదు. ఆ సంగతి నా సంతకంతో సహా వాళ్ళ దగ్గర ఉంది.

నిన్న ఆ కాగితం ఒకటి పట్టుకుని కింది వాటాకు వెళ్ళాను, అక్కయ్య సంతోషిస్తుందని. మధ్యాహ్నం మూడు దాటింది. దర్జీలు కోట్లు పంపడం మానేశారు. ఇప్పుడు ఆవిడ మిషన్ మీద దిండు గలీబులు కుడుతోంది. వాటికి కాజాలుండవు, కుట్టు చేతికి తెలిస్తే చాలు.

కాగితం అందుకుని దూరంగా పెట్టి చూసింది. దగ్గరగా పెట్టి చూసింది. అలవాటు కొద్దీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది.

“ఏముంది తమ్ముడూ ఇందులో? ఏమీ ఆనడం లేదు.”

“మన టమాటాలు అక్కయ్యా.”

“ఉండు,” అని లేచి, గోడ తడుముకుంటూ వెళ్ళి లైటు వేసింది.

ఆ వెలుతురులో కాగితాన్ని చాలాసేపు చూసింది. ఎర్రటి కాయల మీద వేలు పెట్టలేదు. వాటి వెనకాల గోడంతా పసుప్పచ్చగా పరుచుకున్నదాని మీద మెల్లగా వేలు పెట్టి రాసింది.

“ఇది మన ఎండే కదూ,” అంది.